గంగాళంలో 200 కిలోమీటర్ల దారం

పిల్లలూ, సంక్రాంతి రోజుల్లో మలక్‌పేటలో ఏ మేడ ఎక్కి చూసినా ఆకాశం నిండా గాలిపటాలే కనిపిస్తాయి. అక్కడివాళ్లు వాటిని పతంగులంటారు. పతంగి ఎగరవెయ్యటం ఎంత సరదానో, కిందికి దించేటప్పుడు దారం చుట్టుకోవటం అంత విసుగు.

ఒక మేడమీద ఇద్దరు అన్నదమ్ములు ఉన్నారనుకోండి. అన్న పతంగిని దించుతూ దారం లాగుతున్నాడు. తమ్ముడు చరఖా పట్టుకుని, వచ్చిన దారాన్ని వచ్చినట్టే చుట్టుకోవాలి. కాని వాడి చూపంతా పక్క మేడవాళ్ల పతంగి మీద ఉన్నది. దారం వచ్చి వచ్చి కాళ్లదగ్గర కుప్ప పడింది. మళ్లీ పతంగి ఎక్కించబోతే పది గజాల దారమైనా రాలేదు. ఎక్కడ పట్టుకుని లాగినా ముడే!

"దారం ఎక్కడికి పోయిందన్నా? అంతా ఇక్కడే ఉంది గదా!" అన్నాడు తమ్ముడు.

"ఉంటే ఏం లాభంరా? కావలసినప్పుడు రావాలి గదా!" అన్నాడు అన్న.

అన్న విసుక్కుంటూ అన్నాడు గాని, ఆ మాటలో గొప్ప శాస్త్ర రహస్యం ఒకటి ఉన్నది. మన ఒంటిలోని జీవకణాలకు కూడా అచ్చంగా ఇదే చిక్కు ఉన్నది. అవి తమ దారాన్ని ఎలా చుట్టుకుంటాయో, చుట్టుకున్న దారంలోనుంచి కావలసిన ముక్కను ఎలా బయటికి తీస్తాయో ఈ నెల తెలుసుకుందాం.

జీవకణాలు ఎంత చిన్నవో మీకు తెలుసు. సూక్ష్మదర్శిని లేకుండా కంటికి కనిపించవు. ఒక్కొక్క కణం లోపల గుండ్రని సంచీ వంటిది ఒకటి ఉంటుంది. దాని పేరు కేంద్రకం. ఒక మిల్లీమీటరును వెయ్యి భాగాలు చేస్తే, అందులో సుమారు ఆరు భాగాలంత వెడల్పు ఉంటుందీ సంచీ. డి.ఎన్.ఎ. అనే సన్నని దారం ఉండేది ఇందులోనే. మనిషి కణం ఒక్కదానిలో ఉన్న దారం ముక్కలన్నిటినీ కొసకు కొస కలిపి సాగదీస్తే సుమారు 2 మీటర్ల పొడవు వస్తుంది. అంటే మీ నాన్నగారి కంటె పొడుగన్నమాట!

ఇంత చిన్న కొలతలు మనసుకు అందవు. అందుకని అన్నిటినీ సరిగ్గా లక్ష రెట్లు పెంచి చూద్దాం. అప్పుడు డి.ఎన్.ఎ. దారం మీ అమ్మగారు గుడ్డలు కుట్టే దారమంత లావు అవుతుంది. కేంద్రకం రెండడుగుల వెడల్పున్న పెద్ద గంగాళమంత అవుతుంది. మరి దారం పొడవో? 2 మీటర్లు లక్ష రెట్లు పెరిగితే 200 కిలోమీటర్లు!

మీరు దారం ఒక కొస పట్టుకుని మలక్‌పేటలో నిలబడండి. రెండో కొస పట్టుకుని మీ స్నేహితుడు విజయవాడ రోడ్డున బయలుదేరాడు. దిల్‌సుఖ్‌నగర్ దాటాడు, ఎల్.బి. నగర్ దాటాడు, హయత్‌నగర్ దాటాడు. చౌటుప్పల్, నార్కట్‌పల్లి, సూర్యాపేట అన్నీ దాటాడు. కోదాడ కూడా దాటి, తెలంగాణ సరిహద్దు దాటి, ఆంధ్రప్రదేశ్‌లో కాలు పెట్టాడు. అప్పటికిగాని దారం అయిపోలేదు! ఆ దారమంతా తిరిగి మీ గంగాళంలో పెట్టాలి.

"అంత దారం గంగాళంలో పట్టనే పట్టదు!" అంటారా? పడుతుంది. కావలిస్తే లెక్క వేసి చూడండి. కుట్టుదారం 200 కిలోమీటర్లు ఉన్నా, అది చాలా సన్నం గనక, మొత్తం ఆరేడు లీటర్లకు మించి చోటు ఆక్రమించదు. రెండడుగుల గుండ్రని పాత్రలో 100 లీటర్లకు పైగా చోటున్నది. కనక కణానికి చోటు చాలకపోవటం అసలు బాధ కాదు. అసలు బాధ అన్న చెప్పిందే. కుప్ప పోస్తే చిక్కుపడుతుంది. చిక్కుపడితే కావలసినప్పుడు కావలసిన ముక్క రాదు.

కణానికి ఆ ముక్క ఎందుకు కావాలో కూడా చెప్పాలి. డి.ఎన్.ఎ. ఉత్త దారం కాదు. అది పుస్తకం వంటిది. ఎ, టి, జి, సి అనే నాలుగు అక్షరాలతో దానిమీద ఆజ్ఞలు రాసి ఉన్నాయి. ఒక్క కేంద్రకంలో ఉన్న అక్షరాలు 600 కోట్లకు పైమాటే. ఆకలి వేసి అన్నం తిన్నారు. వెంటనే కడుపులో కొన్ని కణాలు జీర్ణరసం తయారుచెయ్యాలి. అది ఎలా చెయ్యాలో దారంలో ఒకచోట రాసి ఉన్నది. కణం ఆ చోటు వెతికి, విప్పి, చదువుకోవాలి. అది ముళ్లలో ఇరుక్కుని ఉంటే మన గతేమిటి?

కణం చేసే మొదటి పని చరఖాలకు చుట్టటం. ఒకటీ రెండూ కాదు, ఒక కేంద్రకంలో సుమారు మూడు కోట్ల చిన్న చిన్న చరఖాలు ఉంటాయి. ఇవి హిస్టోనులనే మాంసకృత్తులతో తయారవుతాయి. ఎనిమిది హిస్టోనులు ఒక్కచోట ముద్దగా చేరితే ఒక చరఖా. మన లక్ష రెట్ల లెక్కలో అది గసగసాల గింజంత ఉంటుంది. దానిచుట్టూ దారం ఒకటిన్నర చుట్టుకు కాస్త ఎక్కువగా తిరుగుతుంది. ఆ చుట్టులో 147 అక్షరాలు పడతాయి. తరవాత కొంచెం ఖాళీ దారం, ఆపైన ఇంకొక చరఖా. ఇట్లా చూస్తే దారం పూసలు గుచ్చిన దండలాగా ఉంటుంది. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో అది నిజంగా అట్లాగే కనిపించింది. చుట్టు ఏ విధంగా ఉంటుందో 1974లో రోజర్ కోర్న్‌బర్గ్ అనే శాస్త్రజ్ఞుడు చెప్పాడు.

దారం చరఖాకు ఎందుకు అంటుకుని ఉంటుంది? జిగురు పూశారా? లేదు. డి.ఎన్.ఎ.కు ఋణ విద్యుత్తు ఉంటుంది. హిస్టోనులకు ధన విద్యుత్తు ఉంటుంది. తలకు రుద్దిన దువ్వెన కాగితం ముక్కల్ని ఆకర్షించటం మీరు చూశారు గదా! ఇక్కడ కూడా పట్టి ఉంచేది విద్యుత్తే. ఎక్కడైనా పట్టు సడలించవలసివస్తే, కణం అక్కడి హిస్టోనులకు చిన్న రసాయన తోకలు తగిలించి ధన విద్యుత్తును కాస్త తగ్గిస్తుంది. దారం వదులవుతుంది. పని కాగానే ఆ తోకలు తీసేస్తే మళ్లీ బిగుసుకుంటుంది. ముడి లేదు, చిక్కు లేదు!

చరఖాలకు చుట్టినందువల్ల దారం పొడవు ఆరేడు వంతులు మాత్రమే తగ్గుతుంది. అందుచేత కణం రెండో పని కూడా చేస్తుంది. పూసల దండను ఉచ్చులు ఉచ్చులుగా మడుస్తుంది. ఇందుకు ఉంగరాలవంటి మాంసకృత్తులు ఉన్నాయి. ఉంగరంలో దారం దూర్చి లాగితే ఉచ్చు పెద్దదవుతుంది, చూశారూ, అట్లాగన్నమాట. శాస్త్రజ్ఞులు ఇలా జరుగుతుందని చాలాకాలం ఊహించారేగాని కంటితో చూడలేదు. 2018లో నెదర్లాండ్స్ దేశంలోని డెల్ఫ్ట్ నగరంలో మహీపాల్ గంజి మొదలైన శాస్త్రజ్ఞులు, కండెన్సిన్ అనే ఉంగరం డి.ఎన్.ఎ. దారాన్ని పట్టి లాగుతూ ఉచ్చు పెంచుతూ ఉండగా సూక్ష్మదర్శినిలో కళ్లారా చూశారు. ఒక్క సెకనులో అది 1,500 అక్షరాల పొడవు దాకా లాగెయ్యగలదట!

మీ అన్నయ్యల పుస్తకాల్లో పూసల దండ చక్కని స్ప్రింగులాగా చుట్టుకున్నట్టు బొమ్మ ఉండవచ్చు. కాని 2017లో కొత్తరకం ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో కేంద్రకం లోపలికి చూస్తే అంత చక్కని స్ప్రింగులు కనిపించలేదు. దండ ఒకచోట వదులుగా, ఒకచోట గుంపుగా వంకరటింకరగా పోయింది. కనక బొమ్మ అందంగా ఉన్నంతమాత్రాన నిజం అనుకోరాదు.

మూడో ఏర్పాటు ఇంకా వింతైనది. మన 200 కిలోమీటర్ల దారం ఒకే ముక్క కాదు. అది 46 ముక్కలు. అందులో 23 మీ అమ్మగారినుంచి వచ్చినవి, 23 మీ నాన్నగారినుంచి వచ్చినవి. ఈ ముక్కల పేరే క్రోమోజోములు. కేంద్రకంలో ఇవి ఒకదానిలో ఒకటి కలిసిపోవు. మలక్‌పేట ఒక పేట, సైదాబాదు ఒక పేట, దిల్‌సుఖ్‌నగర్ ఒక పేట అయినట్టు, కేంద్రకంలో ప్రతి క్రోమోజోముకూ ఒక పేట ఉన్నది. పొరుగు పేటల అంచులు తగులుతూ ఉంటాయిగాని, ఎవరి పేట వారిదే. చదవనక్కరలేని భాగాలు చాలావరకు కేంద్రకం గోడవారగా, మూసిన దుకాణాలలాగా ఉంటాయి. పని జరిగే భాగాలు తరచు లోపలివైపున తెరుచుకుని ఉంటాయి.

కణం రెండుగా చీలవలసి వచ్చినప్పుడు మాత్రం దుకాణాలన్నీ కట్టెయ్యాలి. అప్పుడు దారమంతా నకలు తయారై రెండింతలవుతుంది. ఒక్కొక్క కొత్త కణానికి 46 ముక్కలు, ఒకటి ఎక్కువా తక్కువా కాకుండా పంచిపెట్టాలి. విప్పి ఉన్న దారాన్ని పంచటం సాధ్యమా? కాదు గనక కణం దాన్ని బాగా బిగించి పొట్టి కడ్డీలుగా చేస్తుంది. మన క్రోమోజోములన్నిటిలోకీ పెద్దది సాగదీస్తే ఎనిమిదిన్నర సెంటీమీటర్ల దారం. అది బిగిసిన తరవాత మిల్లీమీటరులో నూరో వంతు కూడా ఉండదు. అంటే ఇంచుమించు పదివేల వంతులు పొట్టి అయిందన్నమాట. ఇంత చుట్టటంలో ఎక్కడైనా ముడి పడితే? దానికీ ఉపాయం ఉన్నది. ఒక రకం మాంసకృత్తులు దారాన్ని ఒకచోట తెంపి, ఆ సందులోనుంచి రెండో దారాన్ని దాటించి, తెగిన కొసల్ని మళ్లీ అతుకుతాయి. మన తమ్ముడికి ఈ విద్య తెలిస్తే ఎంత బాగుండేది!

ఇట్లా బిగిసినప్పుడే క్రోమోజోములు మామూలు సూక్ష్మదర్శినిలో బాగా కనిపిస్తాయి. జర్మనీలో వాల్తర్ ఫ్లెమింగ్ అనే ఆయన కణాలకు రంగులు పట్టించి, ఈ పంపకాన్ని 1882లో వర్ణించాడు. రంగును బాగా పీల్చుకుంటాయి గనక 1888లో వాల్డేయర్ అనే ఆయన వీటికి క్రోమోజోములని పేరు పెట్టాడు. ఆ మాటకు రంగు ముద్దలని అర్థం. కాని వీటిని సరిగా లెక్కపెట్టటానికి ఎంతకాలం పట్టిందో తెలుసా? మనిషి క్రోమోజోములు 48 అని దాదాపు ముప్ఫై ఏళ్లపాటు పుస్తకాలన్నీ రాశాయి. 1956లో త్జియో, లెవాన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు అవి ఒకదానిమీద ఒకటి పడకుండా చక్కగా పరిచి లెక్కపెడితే 46 వచ్చాయి! పెద్దలు చెప్పిన లెక్క అయినా సరే, మళ్లీ ఒకసారి లెక్కపెట్టి చూసుకోవటం మంచిది.

పంపకంలో పొరపాటు జరగటం కూడా కద్దు. 21వ క్రోమోజోము రెండు ఉండవలసినచోట మూడు వచ్చి, మొత్తం 47 ఉన్న పిల్లలు కొందరు పుడతారు. దీన్ని డౌన్ సిండ్రోమ్ అంటారు. కారణం ఇదేనని 1959లో ఫ్రాన్సులో తెలిసింది. ఆ పిల్లలు కొంచెం నెమ్మదిగా నేర్చుకుంటారు. మీ వీధిలో అటువంటి బాబో పాపో ఉంటే, అది ఆ తల్లి చేసిన తప్పూ కాదు, తండ్రి చేసిన తప్పూ కాదు, ఏ పాపఫలమూ కాదు. దారం పంపకంలో ఒక ముక్క ఎక్కువ వచ్చింది, అంతే. వాళ్లను ఆటలో చేర్చుకోండి.

ఇప్పుడు మీలో చురుకైనవారు ఒక ప్రశ్న వెయ్యాలి. "అన్ని కణాలలోనూ ఒకే పుస్తకం ఉంటే, కంటిలోని కణం కంటి పనే ఎందుకు చేస్తుంది? చేతిమీద కన్ను ఎందుకు మొలవదు?"

ఎందుకంటే కణాలు పుస్తకమంతా చదవవు. కంటి కణంలో కంటికి కావలసిన పుటలు వదులుగా తెరిచి ఉంటాయి. చేతి చర్మంలోని కణాలలో అవే పుటలు బిగించి మూసి ఉంటాయి. పుట చింపలేదు, ఉన్నది. కాని చరఖాకు బిగిసి ఉన్నది. కనక దారాన్ని మడవటమంటే పొట్టి చెయ్యటం ఒక్కటే కాదు. ఏది తెరవాలో, ఏది మూయాలో నిర్ణయించటం కూడా ఆ మడతలోనే ఉన్నది.

ఇది మీరు సూక్ష్మదర్శిని లేకుండా చూడవచ్చు. వీధిలో తెలుపు, నలుపు, నారింజ మూడు రంగులూ మచ్చలుగా ఉన్న పిల్లి ఎప్పుడైనా కనిపించిందా? అది దాదాపు ఎప్పుడూ ఆడపిల్లే. పిల్లులలోనూ మనుషులలోనూ ఆడవారికి ఎక్స్ అనే క్రోమోజోములు రెండు, మగవారికి ఒకటి ఉంటాయి. రెండూ పనిచేస్తే ఎక్కువైపోతుంది. కనక ఆడ శిశువు తల్లి కడుపులో చాలా చిన్నగా ఉన్నప్పుడే, దాని ఒక్కొక్క కణమూ రెండు ఎక్స్‌లలో ఏదో ఒకదాన్ని బాగా బిగించి మూసేస్తుంది. పిల్లికి నారింజ రంగు ఆజ్ఞ ఎక్స్ మీదనే ఉన్నది. ఒక ఎక్స్ నారింజది, రెండోది నలుపుది అయితే, నారింజ ఎక్స్‌ను మూసిన కణం సంతానమంతా నల్ల మచ్చ అవుతుంది. నలుపు ఎక్స్‌ను మూసిన కణం సంతానం నారింజ మచ్చ అవుతుంది. తెలుపు మాత్రం వేరే కారణంవల్ల వస్తుంది. మూసిన ఆ ఎక్స్ నల్లని చుక్కలాగా ఉండటం 1949లో ముర్రే బార్ అనే శాస్త్రజ్ఞుడు చూశాడు. ఎక్కడ చూశాడనుకున్నారు? ఆడపిల్లుల నాడీకణాలలోనే! కాని అది మూసేసిన ఎక్స్ క్రోమోజోమని విడమరిచి చెప్పింది మేరీ లయన్ అనే ఆవిడ, 1961లో.

పిల్లి అయింది, ఇక పాము సంగతి చెబుతాను. ఈ కథకోసం దూరదేశం పోనక్కరలేదు. మలక్‌పేటనుంచి మూసీ దాటి, అంబర్‌పేట, రామంతాపూర్ మీదుగా వెళితే హబ్సిగూడ వస్తుంది. అక్కడ ఉప్పల్ రోడ్డుమీద సి.సి.ఎం.బి. అనే పెద్ద పరిశోధనాలయం ఉన్నది. జీవకణాలను గురించి పరిశోధించటమే దాని పని. 1977లో అది ప్రారంభమైంది. లాల్జీ సింగ్ అనే శాస్త్రజ్ఞుడు అక్కడ చాలా ఏళ్లు పనిచేసి, 1998నుంచి 2009వరకు దానికి డైరెక్టరుగా ఉన్నారు. ఆయన ఉత్తరప్రదేశ్‌లో ఒక పల్లెటూళ్లో పుట్టారు. కాశీలో చదువుకునే రోజుల్లో పాముల క్రోమోజోములు పరీక్షించేవారు.

చాలా రకాల పాములలో ఆడపాముకు డబ్ల్యు అనే క్రోమోజోము ఒకటి ఉంటుంది. మగపాముకు అది ఉండదు. కట్లపాముల వంటి వాటిలో ఈ డబ్ల్యు క్రోమోజోము ఒంటిలోని మామూలు కణాలలో గట్టిగా బిగుసుకుని, నల్లని చుక్కలాగా ఉంటుంది. చదవటానికి వీలే లేదు. కాని తల్లిపాము కడుపులో గుడ్లుగా పెరిగే కణాలలో మాత్రం అది విచ్చుకుంటుంది! లాల్జీ సింగ్ మొదలైనవారు ఈ సంగతి 1970లలో గమనించారు. అన్నిచోట్లా మూసి ఉండే దుకాణం ఒక్కచోట తెరుస్తున్నారంటే, అందులో ఏదో విశేషం ఉండాలి గదా!

ఆ తరవాత ఆయన ఎడిన్‌బరోలో పనిచేస్తూ, పసుపు నలుపు పట్టీలున్న కట్లపామునుంచి ఆ డి.ఎన్.ఎ.ను వేరుచేశారు. 1980లో దాన్ని గురించి ప్రకటించారు. అందులో జి, ఎ, టి, ఎ అనే నాలుగు అక్షరాలు మళ్లీ మళ్లీ వస్తాయి. గాటా, గాటా, గాటా, గాటా! ఎక్కాలు అప్పజెబుతూ మధ్యలో మరిచిపోయిన కుర్రవాడిలాగా ఒకే మాట. ఇటువంటి ముక్కలు మనుషుల దారంలో కూడా ఉన్నాయి. వీటిలో ఏ ఆజ్ఞా లేదు గనక పనికిమాలినవని ఎంతోమంది కొట్టిపారేశారు.

కాని అవి రెండు విధాల పనికివచ్చాయి. మొదటిది ఇది. ఇటువంటి తిరుగుళ్లు ఎన్నిసార్లు వస్తాయో మనిషికీ మనిషికీ తేడా ఉంటుంది. ఆ తేడాను పట్టి, ఈ బిడ్డ ఎవరి బిడ్డో, ఈ రక్తపు మరక ఎవరిదో తేల్చవచ్చు. లాల్జీ సింగ్ 1987లో హైదరాబాదు వచ్చి, పాములో దొరికిన ఆ ముక్కతోనే మన దేశంలో ఈ పరీక్షను తయారుచేశారు. దాన్ని డి.ఎన్.ఎ. వేలిముద్ర అంటారు. న్యాయస్థానాలలో ఎందరికో దానివల్ల మేలు జరిగింది.

రెండోది మన మడతల కథకు సంబంధించినది. గాటా ముక్కలు మనిషి క్రోమోజోములలో ఎక్కడెక్కడ ఉన్నాయో సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు లెక్క తీశారు. మగవారికి మాత్రమే ఉండే వై క్రోమోజోము మీద అవి విశేషంగా ఉన్నాయి. దారాన్ని మడిచే ఏర్పాటులో వీటికేదో పని ఉండవచ్చునని 2003లో రాశారు. ఊహిస్తే చాలదు, పరీక్షించాలి. రాకేశ్ మిశ్రా, లాల్జీ సింగ్, వారి సహచరులు ఈగలలో ఒక జాతి అయిన పండు ఈగలలోనూ, మనిషి కణాలలోనూ పరీక్ష చేశారు. డి.ఎన్.ఎ.లో "ఇది గట్టిగా చదువు!" అని పక్కవాటిని పురికొల్పే చోట్లు ఉంటాయి. ఆ చోటుకూ ఆజ్ఞకూ మధ్య గాటా ముక్కను పెట్టి చూశారు. పురికొల్పటం ఆగిపోయింది! ఒక చేలో పెట్టిన నీరు పక్క చేలోకి పోకుండా గట్టు ఆపినట్టు, తెరిచిన భాగపు హడావుడి పక్క భాగానికి పోకుండా గాటా ఆపింది. ఈ సంగతి 2013లో ప్రకటించారు.

చూశారా! పొలం గట్టు మీద వరి పండదు. అంతమాత్రాన గట్టు దండగ అని ఏ రైతూ దున్నెయ్యడు. గట్టు లేకపోతే నీరు నిలవదు, పొలాల హద్దులు తెలియవు. పనికిమాలినవని అందరూ కొట్టిపారేసిన అక్షరాలు గట్లుగా తేలాయి. ఒక పాములో నల్లని చుక్క ఎందుకు విచ్చుకున్నదని ఒక విద్యార్థి అడగబట్టి, నలభై ఏళ్లకు ఇంత కథ బయటపడింది. లాల్జీ సింగ్ 2017లో కాలం చేశారు. ఆయన అడిగిన ప్రశ్నలు మాత్రం పరిశోధనాలయాలలో ఇంకా సాగుతూనే ఉన్నాయి.

చేసి చూడండి

కావలసిన వస్తువులు: 2 మీటర్ల కుట్టుదారం ముక్కలు రెండు, ఖాళీ అగ్గిపెట్టెలు రెండు, కాల్చేసిన అగ్గిపుల్లలు పది, ఎర్ర సిరా.

రెండు దారాలమీదా, ఒక కొసనుంచి మీటరు దూరాన, ఎర్ర సిరాతో చుక్క పెట్టండి. మొదటి దారాన్ని ఉండలాగా నలిపి ఒక అగ్గిపెట్టెలో పెట్టండి. రెండో దారాన్ని తెంపకుండా, మొదటి పుల్లకు కొన్ని చుట్లు, రెండో పుల్లకు కొన్ని చుట్లు, ఇట్లా పది పుల్లలకూ వరసగా చుట్టండి. పుల్లకూ పుల్లకూ మధ్య కాస్త దారం వదలండి. పుల్లల్ని దగ్గరికి చేర్చి రెండో అగ్గిపెట్టెలో సర్దండి. ఇప్పుడు రెండు పెట్టెల్నీ బాగా కుదిపి తెరవండి. మీ చెల్లెల్ని గడియారం చూడమని, ఒక్కొక్కదానిలో ఎర్ర చుక్కను వెతికి, అక్కడ ఒక జానెడు దారం విప్పండి. ఏది త్వరగా అయింది? పుల్లల దారంలో మీరు విప్పింది ఒకటి రెండు పుల్లలే. తక్కినవి కదలలేదు. కణం చేసే పని ఇదే.

ఈ పరీక్ష మన మేడమీది తమ్ముడు కూడా చేశాడనుకోండి. వచ్చే సంక్రాంతికి పక్క మేడ పతంగి ఎంత బాగా ఎగిరినా సరే, వాడు చరఖా మీదనుంచి కన్ను తిప్పడు!